చుక్క సున్నా అవుతుంది, గీత ఒకటి అవుతుంది

అబ్బాజాన్ మమ్మల్ని విడిచి వెళ్ళిన కొన్ని వారాలకు ఆయన ఇనుప పెట్టెలోని కాగితాలన్నీ బయటికి తీశాము. పొలం పత్రాలు, అమ్మీ నికాహ్‌నామా, మా చదువుల రసీదులు, వాటి అడుగున అట్ట ఊడిపోయిన ఒక లెక్కల పుస్తకం. ఆస్తి పంపకానికి ముందు మరణించినవారి అప్పులు తీర్చాలన్న నియమం మనకందరికీ తెలిసినదే. ఆ అప్పుల వివరాలన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి. తోబుట్టువులం తలొక ఊళ్ళో ఉన్నాము. చిన్న తమ్ముడు రియాద్‌లో ఉంటాడు. అందుచేత పుస్తకాన్ని స్కాన్ చేసి అందరికీ పంపాలని నిర్ణయించుకున్నాము. మా అబ్బాయి హైదరాబాదులో ఒక ఆఫీసు వదిలించుకున్న పాత స్కానర్‌ను తక్కువ ధరకు కొని తెచ్చాడు. ఒక్క సాయంత్రంలో పని ముగిసింది.

మరునాడు రియాద్ నుండి తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఆపా, పక్కవీధి కిరాణా వారికి మనం 45,000 రూపాయలు బాకీ ఉన్నామట, చూశారా? నా వంతు రేపే పంపిస్తాను."

పక్కనే కూర్చున్న అమ్మీ ఆ మాట విని తల అడ్డంగా ఊపింది. "అంత బాకీ మీ అబ్బా ఏనాడూ పెట్టలేదు. ఫోన్ పక్కన పెట్టి పుస్తకం తీసుకురా" అంది.

అసలు పుటలో నాలుగు, అయిదు అంకెల పక్కన రెండే చుక్కలు ఉన్నాయి. స్కాన్ చేసిన ప్రతిలో మూడు కనిపిస్తున్నాయి. బాకీ 4,500 రూపాయలే. మూడవ చుక్క అబ్బాజాన్ కలం నుండి వచ్చినది కాదు, స్కానర్ గాజు మీద అంటుకొని ఉన్న మసి. తక్కిన పుటలను తెరిచి చూస్తే అన్నింటిలోనూ సరిగ్గా అదే చోట అదే చుక్క ఉంది. ఖాళీ చోట పడినప్పుడు దానిని ఎవరమూ గమనించలేదు. అంకెల పక్కన పడిన ఆ ఒక్క పుటలో అది సున్నా అయి కూర్చుంది.

ఈ పొరపాటు మన ఇళ్ళలో జరగడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. ఉర్దూ అంకెలలో సున్నా అంటే ఒక చుక్క. ఒకటి అంటే ఒక నిలువు గీత. అక్షరాల సంగతీ అంతే. 'హాల్' అనే మాటలోని మొదటి అక్షరం మీద చుక్క పడితే అది 'ఖాల్' అవుతుంది. 'స్థితి' కాస్తా 'పుట్టుమచ్చ' అయిపోతుంది. పెద్దలు ఉర్దూలో రాసిపెట్టిన కాగితాలను పిల్లలు స్కాన్ చేస్తున్నారు. వారిలో చాలామంది తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో చదివినవారు. నుక్తా ఏదో, దుమ్ము ఏదో వారికి తెలిసే అవకాశం తక్కువ. అందుచేత పాత స్కానర్‌ను శుభ్రం చేసుకోవడం మన ఇళ్ళలో అందం కోసం చేసే పని కాదు, నిజాన్ని కాపాడుకునే పని. మెకానిక్ అవసరం లేకుండా, కొద్దిపాటి ఖర్చుతో ఆ పనిని ఎలా చేసుకోవచ్చో ఈ నెల చెప్పుకుందాం.

ముందు రోగం ఏమిటో తెలుసుకోవాలి

ఆఫీసులు వదిలించుకునే స్కానర్లు సాధారణంగా రెండు విధాలు. మొదటి రకంలో గాజు పలక మీద కాగితాన్ని బోర్లించి మూత వేస్తాము. కాగితం కదలదు, గాజు కింద దీపమూ, చిత్రాన్ని గ్రహించే పట్టీ కదులుతాయి. రెండవ రకంలో కాగితాల కట్టను పైన పెడితే యంత్రమే ఒక్కొక్కటిగా లాక్కుంటుంది. ఇక్కడ పట్టీ కదలదు, కాగితమే దాని ముందు నుండి సాగిపోతుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే యంత్రంలో ఉండడం కూడా మామూలే. మా అబ్బాయి తెచ్చినది అటువంటిదే.

ఈ తేడా తెలిస్తే దుమ్ము ఎక్కడ ఉన్నదో సులభంగా పట్టుకోవచ్చు. గాజు పలక మీద దుమ్ము ఉంటే చిత్రంలో చుక్కగా కనిపిస్తుంది. కాగితాలను లాక్కునే యంత్రంలో సన్నని గాజు పట్టీ మీద దుమ్ము ఉంటే, కాగితం సాగినంత పొడవునా అదే చోట నీడ పడుతుంది కనుక పై నుండి కింది వరకు నిలువు గీత వస్తుంది. ఒక్క రేణువు చాలు, పుట మొత్తానికి గీత పడడానికి. పిల్లవాడి స్కాలర్‌షిప్ దరఖాస్తులోనో, పొలం సర్వే నంబరులోనో రెండు అంకెల నడుమ ఆ గీత పడితే, చదివేవారు దానిని 'ఒకటి' అనుకున్నా తప్పు పట్టలేము.

పరీక్ష చాలా సులభం. మచ్చలేని తెల్ల కాగితం ఒకటి తీసుకొని రంగులలో గానీ, బూడిద రంగు ఛాయలలో గానీ స్కాన్ చేయండి. కేవలం నలుపు, తెలుపులలో చేస్తే సన్నని మచ్చలు దాగిపోతాయి. ఖాళీ పుటలను తొలగించే సౌకర్యం ఉంటే ముందు దానిని ఆపివేయండి. లేకుంటే మీ పరీక్ష కాగితాన్నే యంత్రం పారవేస్తుంది. వచ్చిన చిత్రాన్ని పెద్దదిగా చేసి అంగుళం అంగుళం చూడండి. మచ్చ ఎడమ అంచు నుండి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉన్నదో కొలిచి పెట్టుకోండి. రెండు వైపులా ఒకేసారి స్కాన్ చేసే యంత్రమైతే గీత ముందు వైపు ఉన్నదా, వెనుక వైపు ఉన్నదా చూడండి. ఆ యంత్రంలో గాజు పట్టీలు రెండు ఉంటాయి. ఏ వైపు గీత పడితే ఆ వైపు పట్టీ మురికిగా ఉన్నదన్నమాట.

ఇంకొక పరీక్ష కూడా చేయండి. కాగితం పొడవునా స్కేలుతో సరిగ్గా 20 సెంటీమీటర్ల గీత గీసి స్కాన్ చేసి, అసలు కొలతలోనే ప్రింటు తీసి కొలవండి. గీత పొడవు పెరిగితే, రోలర్లు కాగితాన్ని సరిగా పట్టలేక జారుతున్నాయని అనుమానించాలి.

కావలసిన సామగ్రి

కళ్ళజోడు తుడిచే మైక్రోఫైబర్ గుడ్డలు రెండు, మెత్తని కుంచె ఒకటి, కెమెరాల దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి ఒకటి, దూది పుల్లలు కొన్ని, చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఈ ద్రవాన్ని మొబైల్ ఫోన్లు బాగుచేసేవారు నిత్యం వాడుతుంటారు. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణాలలో దొరుకుతుంది.

వాడకూడనివి కూడా చెప్పుకోవాలి. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్‌లో గ్లిజరిన్ వంటివి కలుపుతారు. అది గాజు మీద పొరలా మిగిలిపోతుంది. థిన్నర్, పెట్రోలు, గోళ్ళ రంగు తుడిచే ద్రవం ప్లాస్టిక్‌నూ రబ్బరునూ తినేస్తాయి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. టిష్యూ కాగితం తన నూగునే వదిలిపెడుతుంది. ఏ ద్రవాన్నైనా గుడ్డకు అద్దాలి గానీ, యంత్రం మీద ఎన్నడూ చిలకరించకూడదు.

శుభ్రం చేసే క్రమం

ముందుగా కరెంటు తీగ, కంప్యూటరు తీగ రెండూ తీసివేసి కాసేపు ఆగండి. పని చేసి ఉన్న యంత్రంలో దీపం దగ్గరి గాజు వేడిగా ఉంటుంది. తర్వాత మూత తెరిచి పొడి కుంచెతోనూ రబ్బరు బుడ్డితోనూ దుమ్మును బయటి వైపుకు తోలండి. పొడి దుమ్ము పోకముందే తడి గుడ్డ వేస్తే అది బురదై మూలలకు చేరుతుంది.

పిమ్మట గాజు. గుడ్డ కొసను ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి ఒకే దిశలో తుడవండి. పొడి గుడ్డతో మరొకసారి తుడవండి. పలక తుడిచి చాలామంది ఆగిపోతారు. రెండు పద్ధతులూ ఉన్న యంత్రంలో పలక పక్కనే, వేలెడు వెడల్పు కూడా లేని మరొక గాజు పట్టీ ఉంటుంది. పై నుండి లాగిన కాగితాలు దాని మీదుగానే పోతాయి. నిలువు గీతలకు మూలం చాలాసార్లు అదే. మీరు కొలిచి పెట్టుకున్న దూరంలో ఆ పట్టీ మీద చూపుడు వేలిని గుడ్డతో మెల్లగా జరపండి. అతుక్కుపోయిన జిగురు గానీ, దిద్దుడు తెల్లరంగు చుక్క గానీ గరుకుగా తగులుతుంది. దానిని బ్లేడుతో గీకకండి; ఆల్కహాల్ అద్దిన దూది పుల్లను నిమిషం సేపు దాని మీద ఉంచితే మెత్తబడుతుంది.

మూత లోపలి తెల్లని భాగాన్నీ తుడవండి. గాజు పట్టీకి ఎదురుగా ఉండే తెల్లని పట్టీని చూసి, 'తెలుపు అంటే ఇది' అని లెక్క సరిచేసుకునే యంత్రాలు ఉన్నాయి. అది మురికిగా ఉంటే గాజు ఎంత తళతళలాడినా గీత పోదు.

కొన్నిసార్లు గాజు లోపలి వైపున మసక పొర కనిపిస్తుంది. దానికోసం పలకను ఊడదీయాలనిపిస్తుంది. చిత్రం చదవడానికి వీలుగా ఉన్నంతకాలం ఆ జోలికి పోకపోవడమే మేలు. తప్పనిసరైతే, లోపల కనిపించే చిన్న అద్దాలను మాత్రం గుడ్డతో తాకవద్దు. మన ఇంటి అద్దానికి పూత వెనుక వైపున ఉంటుంది. వాటికి ముందు వైపున ఉంటుంది. ఒక్కసారి రుద్దినా గీతలు పడతాయి. రబ్బరు బుడ్డితో ఊది వదిలేయాలి.

రోలర్ల సంగతి

కాగితాన్ని లాగకపోవడం, రెండేసి కాగితాలను ఒకేసారి మింగడం, వంకరగా తీసుకోవడం అనే మూడు జబ్బులూ ప్రధానంగా రబ్బరు రోలర్లవే. కాగితం తయారీలో సుద్ద, తెల్లమట్టి వంటి పొడులు కలుపుతారు. ఆ పొడి రోలర్ మీద పిండిలా పేరుకుంటుంది, రబ్బరు పట్టు తప్పుతుంది. అందుకే పని చేయదని అమ్మేసిన యంత్రం తుడిచిన వెంటనే మామూలుగా పని చేయడం అరుదేమీ కాదు.

కాగితాన్ని లోపలికి లాగే రోలర్ ఒకటి ఉంటుంది. దాని ఎదురుగా, రెండవ కాగితాన్ని వెనక్కు ఆపే రబ్బరు ప్యాడో, మరొక రోలరో ఉంటుంది. లాగకపోతే మొదటిదానిని, రెండేసి మింగితే రెండవదానిని అనుమానించాలి. వేలితో రోలర్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ, నీటితో చాలా కొద్దిగా తడిపిన గుడ్డతో చుట్టూ తుడవండి. పొడిలో చాలా భాగం దానితోనే పోతుంది. జిడ్డు మిగిలితే గుడ్డకు కొంచెం ఆల్కహాల్ అద్దండి. తయారీదారు ప్రత్యేకమైన ద్రవం సూచించి ఉంటే దానికే ప్రాధాన్యం ఇవ్వండి. పూర్తిగా ఆరేవరకు కరెంటు ఇవ్వకూడదు.

తుడిచిన తర్వాత కూడా రబ్బరు గాజులా మెరుస్తూ, గోరు ఆనించినా దిగకుండా గట్టిగా ఉంటే దాని ఆయువు తీరిందనుకోవాలి. గరుకు కాగితంతో రుద్దితే మళ్ళీ పట్టు వస్తుందని కొందరు సలహా ఇస్తారు. కొద్ది రోజులు పని చేయవచ్చు గాని, రుద్దిన చోట రోలర్ చుట్టుకొలత తగ్గి కాగితం వంకరగా పోవడం మొదలవుతుంది. అప్పుడు కొత్త భాగం వేయడమే సరైన మార్గం. ఎక్కువ యంత్రాలలో ఈ భాగాలు చేతితో తీసి బిగించుకునేవిగానే ఉంటాయి.

వాటి ఆయువు ఎంతో తెలిస్తే కొనేటప్పుడు మోసపోము. ఫుజిట్సు స్కాన్‌స్నాప్ ఎస్1500 అనే పాత నమూనాలో ప్యాడ్‌ను 50,000 కాగితాలకు, లాగే రోలర్‌ను 1,00,000 కాగితాలకు మార్చాలని తయారీదారు చెబుతారు. దాని తర్వాత వచ్చిన ఐఎక్స్500లో రోలర్ల ఆయువు 2,00,000 కాగితాలు. ఒక ఆఫీసులో రోజుకు 200 కాగితాల చొప్పున నెలకు 25 రోజులు స్కాన్ చేస్తే నెలకు 5,000 అవుతాయి. 40 నెలలకే రెండు లక్షలు నిండుతాయి. అదే మన ఇంట్లో ఏడాదికి వెయ్యి కాగితాలు దాటడం కష్టం. అంటే ఒకసారి భాగాలు మార్చుకుంటే, అరిగిపోయి మళ్ళీ మార్చే అవసరం మన ఇంటికి రాదనే చెప్పవచ్చు. వాడకపోయినా రబ్బరు ఏళ్ళ తరబడిలో గట్టిపడుతుందన్నది మాత్రం నిజం.

కొనకముందే చూడవలసినవి

చాలా యంత్రాలు ఇంతవరకు ఎన్ని కాగితాలు స్కాన్ చేశాయో లెక్క ఉంచుకుంటాయి. కంప్యూటరుకు కలిపి ఆ లెక్క చూపమని అమ్మేవారిని అడగండి. వెంట తెల్ల కాగితాలు పది తీసుకువెళ్ళి పై పరీక్ష అక్కడే చేయండి. తుడిచినా అదే చోట గీత మిగిలితే లోపలి పట్టీ దెబ్బతిని ఉండవచ్చు. అది ఇంట్లో అయ్యే పని కాదు, దాని జోలికి పోవద్దు.

అసలు అడాప్టర్ ఉన్నదో లేదో చూడండి. వేరేది కొనవలసి వస్తే వోల్టు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు తక్కువ కాకూడదు, పిన్నులో ప్లస్, మైనస్ స్థానాలు కలవాలి. పిన్ను దూరినంత మాత్రాన చాలదు.

మన కంప్యూటరులో ఆ యంత్రం నడుస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. మంచి యంత్రాలెన్నో చవకగా రావడానికి కారణం కొత్త విండోస్‌కు తగిన డ్రైవర్ లేకపోవడమే. అటువంటప్పుడు లినక్స్‌లోని 'సేన్' అనే ఉచిత వ్యవస్థ చాలా పాత నమూనాలను నడిపిస్తుంది. స్కాన్ చేసి పీడీఎఫ్ తయారు చేయడానికి 'న్యాప్స్2' అనే ఉచిత ప్రోగ్రాం విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పని చేస్తుంది.

వైఫై ఉన్న యంత్రమైతే ఇంటికి తెచ్చిన వెంటనే పాత అమరికలన్నీ చెరిపివేయండి. దానిలో వెనుకటి ఆఫీసు వారి వివరాలు మిగిలి ఉంటే అవి మనవి కావు. మనం అమ్మే రోజున కూడా అంతే. యంత్రంలోని లోపాన్ని ముందుగా చెప్పి అమ్మాలి.

ఇక ఖర్చు. కొన్న ధర, రోలర్ల ధర, అడాప్టర్ ధర మూడూ కలిపి కొత్త యంత్రం ధరలో సగం దాటితే పాతది లాభం కాదన్నది నా లెక్క. తుడుపు సామగ్రి మాత్రం ఏ యంత్రానికైనా ఏళ్ళ తరబడి ఉపయోగపడుతుంది.

లాగే యంత్రంలో పెట్టకూడని కాగితాలు

శుభ్రమైన యంత్రం కూడా పాత కాగితాన్ని చింపగలదు. మడత దగ్గర చీలిన దస్తావేజు, పొడిబారిన ఖాస్రా పహాణీ నకలు, కుట్టి ఉన్న పుస్తకం, టేపు అతికించిన నికాహ్‌నామా వంటివి కాగితాలు లాగే భాగంలో పెట్టనే వద్దు. వాటికి గాజు పలకే చోటు. మిగిలిన వాటికైనా స్టాపిల్ పిన్నులు, గుండుసూదులు తీసి చేతితో తడిమి చూడండి. ఒక్క పిన్ను గాజు పట్టీని గీస్తే ఆ గీత ఇక జన్మలో పోదు. కార్బన్ లేకుండా నకలు పడే రసీదు పుస్తకాల కాగితంలోని రసాయనం రోలర్లను పాడుచేస్తుంది. వాటిని కూడా పలక మీదనే పెట్టండి.

స్పష్టత విషయంలో మామూలు అక్షరాలకు అంగుళానికి 300 చుక్కలు చాలు. సన్నని ఉర్దూ చేతిరాతకు, పాత ఫొటోలకు 600 పెట్టుకోండి. నుక్తా అంచులు అప్పుడు తేటగా కనిపిస్తాయి.

మా ఇంటి కొత్త అలవాటు

ఆ సాయంత్రం మా అబ్బాయి గాజును తుడిచి పుస్తకం మొత్తాన్ని మళ్ళీ మొదటి నుండి స్కాన్ చేశాడు. ఈసారి ప్రతి పది పుటలకు ఒక తెల్ల కాగితం పెట్టి చూశాము. పుట పుటకూ అమ్మీ అసలు పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకొని ఉర్దూ అంకెలు చదివింది. వాడు తెర మీద చూస్తూ అవే అంకెలు తెలుగులో చెప్పాడు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలలో వాడు ఉర్దూ అంకెలన్నీ నేర్చుకున్నాడు.

బాకీ 4,500 రూపాయలను కిరాణా వారి కుమారులకు అప్పగించి వచ్చాము. ఒక సున్నా పెరిగి ఉంటే వారసుల వాటాకు నష్టం కలిగేది. అదే మసి వేరొకచోట పడి మేము ఇచ్చిన అప్పు అంకెను పెంచి ఉంటే, ఎవరి ఇంటికో వెళ్ళి లేని బాకీ అడిగి ఉండేవాళ్ళం. ఆ ఆలోచనకే మనసు కలుక్కుమంటుంది.

మీ ఇంట్లో పాత స్కానర్ ఉంటే ఈ వారం ఒక తెల్ల కాగితంతో పరీక్షించండి. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే కాగితాలను స్కాన్ చేసి, అసలుతో పోల్చి చూపించండి. పోల్చిన తర్వాత కూడా అసలు కాగితాన్ని పారవేయకండి. ఆ రోజు మా ఇంట్లో నిజం చెప్పినది ఆ చిరిగిన పుస్తకమే.